నిహారిక బరువు

కాజీపల్లి కంపెనీల వెనక, కూలీల గదుల మధ్య అంగన్‌వాడీ నడిపేది క్లారా. రెండేళ్ల కిందట తన చెల్లెలు సౌభాగ్యమ్మ కూతురు నిహారికను తూచింది. మూడేళ్ల పిల్ల తొమ్మిది కిలోలే ఉంది. అంత తక్కువుంటే నివేదికలో ఎర్ర గుర్తు పడాలి, పిల్లను ఆసుపత్రిలో పోషణ వార్డుకు పంపాలి.

సూపర్‌వైజర్ నాగవల్లి ఒప్పుకోలేదు. "మన దగ్గర ఒక్క ఎర్ర గుర్తు లేదని పైకి చెప్పిన. పదకొండున్నర రాయి. జెర తింటే అదే పెరుగుతది" అంది.

క్లారా రాసింది. సంతకమూ చేసింది. గుర్తు లేని పిల్లను వార్డులో చేర్చుకోలేదు. నెల తిరగకముందే నిమోనియాతో నిహారిక చనిపోయింది. "అక్కా, తూచింది నువ్వే గదా" అంది సౌభాగ్యమ్మ. ఆ తర్వాత మాట్లాడటం మానేసింది.

పాస్టరుగారు నాగవల్లిని క్షమించమన్నారు. క్లారా తలూపింది గానీ, ఆదివారం పాటలు పాడుతూ కూడా నాగవల్లి తలదించుకునే రోజునే ఊహించుకునేది. ఆనాటి నుంచి నిజమైన బరువులే పంపింది. నాగవల్లి వాటిని పైకి పంపేటప్పుడు మార్చేసేది. అందుకే క్లారా ప్రతి పిల్ల కార్డు మీదా అసలు బరువు రాసి, తల్లి సంతకం తీసుకుంది. బక్కచిక్కిన పిల్లలను తానే డాక్టరుకు చూపించింది.

మొన్నటి గ్రామసభలో నాగవల్లికి శాలువా కప్పారు. ఎర్ర గుర్తు పిల్లలు ఒక్కరూ లేరని ఆమె చదవగానే క్లారా లేచింది. "సార్, కాటా ఈడనే ఉంది. తూచుండ్రి."

జిల్లా అధికారి సరేనన్నాడు. నివేదికలో పదమూడు కిలోలున్న నాలుగేళ్ల తనుశ్రీ పది తూగింది. తల్లి కార్డు చూపించింది.

"కాటా ఖరాబైంది సార్" అంది నాగవల్లి.

"మీ బరువు మీకెరుకే గదా మేడమ్. ఎక్కుండ్రి, సూద్దాం" అంది క్లారా.

జనం గొల్లున నవ్వారు. నాగవల్లి ఎక్కలేదు. ఏడుగురిని తూస్తే అయిదుగురు ఎరుపే.

అప్పుడు క్లారా నిహారిక సంగతి చెప్పింది. "ఆ కాయితం మీద సంతకం ఎవరిది?" అని అధికారి అడిగాడు.

"నాదే సార్. ఆమె చెప్పింది, నేను రాసిన. ఇద్దర్నీ తీసెయ్యుండ్రి."

ఇద్దరినీ సస్పెండ్ చేశారు. ఆ వారమే అయిదుగురు పిల్లలూ వార్డులో చేరారు.

నాగవల్లి క్లారా ఇంటికొచ్చి ఏడ్చింది. "గింత పగనా క్లారా? చెవిల చెప్తే దిద్దుకుంటుంటి."

"చెప్పిన మేడమ్. మీరే వినలే" అని క్లారా తలుపు మూసింది.

ఇప్పుడామె పాశమైలారంలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతోంది. చెల్లెలు ఇంకా మాట్లాడటం లేదు. అది ఆమెను కోస్తూనే ఉంది. నాగవల్లిని తలుచుకుంటే మాత్రం ఇసుమంత జాలి కలగదు.