నేను ఎత్తని ఎర్రగుడ్డ

కొల్లేటిలో జీవితమంతా పడవ నడిపిన మా మేనమామ గత శుక్రవారం జ్వరంతో కన్నుమూశారు. కాలేజీ వాదపోటీల్లో ఏ పక్షమిచ్చినా నెగ్గుకొచ్చినవాణ్ణి; ఆయన చివరి మాట విషయంలో మాత్రం ఏ పక్షాన నిలవాలో నాకు తెలియడం లేదు.

ఆకివీడు వెళ్లే పడవదారి పొడుగునా ఆయన నీటిలో ఎండిన ఆనపబుర్రలు కట్టి ఉంచేవారు. ఒక్కోదానికి ఒక తాటాకు జెండా. బుర్ర ఎటు లాగుతోందో, ఆకు ఎంత వణుకుతోందో చూసి, రాబోయే గాలిని పడవలోంచే చెప్పేవారు. ప్రయాణికులకు తమలపాకులు పంచేవారు గాని, దారిలో తాను నమిలేవారు కారు. "నోరు ఆడితే కన్ను ఆగుతుందిరా" అనేవారు.

నేను ఊరుకుంటానా? "సముద్రంలో పుట్టే తుఫాను మీ ఆనపబుర్రకేం తెలుస్తుందండీ మావయ్యా? తంతి ఆఫీసుకు ముందే తెలుస్తుంది" అన్నాను.

"అయితే ఆ తంతిని నా పడవలోకి తీసుకురా, చూద్దాం."

తెచ్చాను. ఏలూరు తంతి ఆఫీసులో హెచ్చరిక అంటించగానే నేను సైకిలు మీద ఒడ్డుకు చేరి, వెదురుకు ఎర్రగుడ్డ ఎత్తాలి. అదీ మా ఒప్పందం.

మొదటిసారి ఎత్తినప్పుడు బుర్రలు నిశ్చలంగా ఉన్నాయి. అయినా ఆయన నిండు పడవను వెనక్కి తిప్పారు. గాలి రాలేదు.

"ఏవండీ, మీ మేనల్లుడి తుఫాను బందరులోనే దిగిపోయిందాండీ?" అని ప్రయాణికులు పకపకా నవ్వారు.

"నవ్వితే ఎవరూ మునగరు లెండి" అన్నారాయన. నాకు ఆ మాట వినబడలేదు. నవ్వే వినబడింది.

రెండోసారి హెచ్చరిక చూసి, గుడ్డ చంకన పెట్టుకుని ఒడ్డుకు వెళ్లాను. మావయ్య పడవ అప్పటికే నీటిలో దూరంగా ఉంది. ఒడ్డున ఆ రోజు నవ్విన జనమే. ఎత్తలేదు. మధ్యాహ్నానికి గాలి విరుచుకుపడింది. ఆయన నీటిలోకి దిగి, రొమ్ములోతున నడుస్తూ పడవను లాగి, అందరినీ దిబ్బకు చేర్చారు. ఆ తడితోనే మంచం పట్టారు.

"హెచ్చరిక వచ్చింది మావయ్యా. నేనే ఎత్తలేదు" అని ఒప్పుకున్నాను.

"నేనసలు ఆ వైపు చూడనే లేదురా. బుర్రలనే చూసుకున్నాను" అన్నారు. అదే ఆయన చివరి మాట.

ఆ రోజు ఆయనతో గడ వేసినతను వేరేగా చెప్పాడు: "చూడకపోవడమేంటండీ? గుడ్డ లేదు, పోదాం పద అన్నారండి."

చూడలేదన్నది నిజమైతే ఆ జ్వరం నా వల్ల రాలేదు. నిజం కాకపోతే, అంత జ్వరంలోనూ నా కోసం ఆ మాట కల్పించారు. ఎన్ని విధాల వాదించుకున్నా తేలడం లేదు.

ఈ ఉదయం హెచ్చరికేమీ లేదు. బుర్రలు కదలడం లేదు. అయినా ఎర్రగుడ్డ ఎత్తాను. గాలి లేక అది వెదురుకు అంటుకుని వేలాడుతోంది. దూరంగా రెండు పడవలు దాన్ని చూసి వెనక్కి తిరుగుతున్నాయి.