దొర ఇవ్వని కత్తి

మంగళవారం సెలూన్లు మూసి ఉంటాయి. గిరాకీ ఉండదు కాబట్టి ఆ రోజు వెళ్తే మనుషులతో తీరిగ్గా పోట్లాడవచ్చు. నేను అందుకే మంగళవారం వెళ్లాను.

అంతకు ముందురోజు మా తమ్ముడి భార్య ఫోన్ చేసింది. నేను ఎల్బీనగర్‌లో ఉంటాను, వాళ్ల సెలూన్ దిల్‌సుఖ్‌నగర్‌లో. వాళ్లబ్బాయి, నా మేనల్లుడు, పాత షాపునంతా పీకించి కొత్తగా చేయించాడు. బుధవారం తెరుస్తున్నారు. "వదినా, మామయ్య కత్తికి అద్దాలపెట్టె చేపిచ్చిండు నీ అల్లుడు. కింద బోర్డు గూడ రాపిచ్చిండు" అని సంతోషంగా చదివి వినిపించింది. మా తాతకు దొరగారు బహుమానంగా ఇచ్చిన ఇంగ్లండు కత్తి, అట. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. గిన్నె పక్కన పెట్టేశాను.

ఆ కత్తి మా నాయినది. మడత పెడితే పిడిలోకి దూరిపోయే మంగలికత్తి. ఇప్పటి పిల్లలు బ్లేడు విరిచి పెట్టుకుంటున్నారు కానీ, అప్పుడు ఒక మంచి కత్తి ఉంటే సానరాయి మీద, తోలుపట్టీ మీద నూరుకుంటూ జీవితమంతా వాడేవాళ్లు. నాయిన పోయాక తమ్ముడు చాలా ఏళ్లు వాడి, తర్వాత తన షాపు సొరుగులో పెట్టుకున్నాడు. నేను ఏనాడూ అడగలేదు. ఆడపిల్లకు కత్తి ఎందుకంటారు, నాకూ ఎందుకనిపించింది. కానీ దాని పక్కన దొర వచ్చి కూర్చుంటే ఊరుకోవడానికి నేనింకా చచ్చిపోలేదు.

వెళ్లేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల తమ్ముడు, అల్లుడు, ఇంకో పెద్దాయన ఉన్నారు. ఆయన తమ్ముడికి పాత గిరాకీ. కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. పాత మంగలికత్తులు పోగుచేయడం ఆయనకు పిచ్చి. పెట్టెలో పెట్టేముందు కత్తిని శుభ్రం చేసి పెడతానని వచ్చాడట.

"అత్తా, ఇయ్యాల షాపు బంద్ గదా. గిట్లొచ్చినవేంది" అన్నాడు అల్లుడు.

"నీ బోర్డు సూద్దామనొచ్చిన."

"రేపొస్తే పూలదండతోని సూస్తుంటివి."

"దండేసినంక మాట్లాడితే బాగుండదు. ఇప్పుడే మాట్లాడ్త."

నేను మూడో తరగతి దాకా చదివాను. తెలుగు కూడబలుక్కుని చదువుకోగలను. బోర్డు మీద బంగారు రంగు అక్షరాలు. అన్నింటిలోకీ 'దొరగారు' అన్నదే పెద్దగా కనిపించింది.

"దొర మనకు కత్తి ఇచ్చిండని ఎవరు చెప్పిండ్రు తమ్మీ?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "ఎవరో చెప్పుడేంది అక్కా. దొర దగ్గర ఇంగ్లండు కత్తి ఉండెనని నాయినమ్మ చెప్పలేదా? దీని మీదేమో ఇంగ్లీషు అక్షరాలున్నయి. ఎన్నేండ్ల సంది చెప్తున్న, గిరాకీలు నమ్మిండ్రు. దొర కత్తి అంటే ఎసుంటోడైనా కుర్చీల సక్కగ కూసుంటడు. కబాడీ పాతసామాన్లల్ల కొన్నమంటే ఎవడు కూసుంటడు?"

నాయినమ్మ చెప్పిన మాట నిజమే. కానీ వాడు సగమే గుర్తుపెట్టుకున్నాడు. నల్లగొండ పక్క మా ఊళ్లో తాత దొర ఉండే గడికి పోయి, కూలి లేకుండా వెట్టిగా దొరకు గడ్డం గీసేవాడు. దొర కత్తి దొర ఇంట్లోనే మఖ్మల్ పెట్టెలో ఉండేది. తాత గీకి, కడిగి, తుడిచి మళ్లీ ఆ పెట్టెలోనే పెట్టాలి. బయటికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మనిషి తాత పనిముట్ల పొది విప్పించి, పంచె దులిపించి, కత్తి ఎత్తుకుపోవడం లేదని చూసుకున్నాకే పంపేవాడు. నాయినమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. ఇంట్లో ఎవరూ లేకపోయినా తగ్గించేది. బహుమానం ఇచ్చాడని గోడకు రాస్తే, మా తాత పంచె దులిపిన సంగతి ఎక్కడ రాయాలి?

ఇదే మాట వాళ్లతో అన్నాను. అల్లుడు మెల్లగా "అవన్నీ ఇప్పుడెందుకు అత్తా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. వాడికి గోడ అందంగా కనబడాలి.

అప్పటిదాకా పెద్దాయన కత్తి తుడుస్తున్నాడు. "ఇంగ్లండుదో కాదో చూద్దాం అమ్మా, ఒక్క నిమిషం" అన్నాడు. కత్తి ఏ దేశానిదో, ఎవరు చేశారో తెలియాలంటే పిడిలోకి దిగే మందపాటి మెడ మీద ముద్ర చూడాలట. మా నాయిన ప్రతి దసరాకీ బూడిద, నిమ్మకాయ పెట్టి ఆ మెడను రుద్ది రుద్ది పూజలో పెట్టేవాడు. భక్తితోనే ముద్ర అరగదీశాడు. ఇంగ్లీషు అక్షరాల గీతలేవో ఉన్నాయని తప్ప మామూలు కంటికి ఏమీ తెలియడం లేదు.

"కాస్త పౌడరు ఇవ్వు బాబూ" అన్నాడాయన. గిరాకీల మెడల మీద చల్లే డబ్బా అల్లుడు అందించాడు. ఆయన పౌడరు అద్ది బొటనవేలితో నిమిరితే, పైపైన ఉన్నది పోయి గాట్లలోది మాత్రం తెల్లగా నిలబడింది. భూతద్దం పెట్టి ఒక వైపు చూశాడు. చేసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఒక అక్షరం తోక, ఏదో బొమ్మలో సగం. కత్తి తిప్పి రెండోవైపు చూశాడు.

"ఇంగ్లండు కాదండీ. పశ్చిమ జర్మనీ అనుంది."

"జర్మనీ అయితే ఇంకా మంచిదే" అన్నాడు అల్లుడు.

"మంచిదే. కానీ ఆ దేశం రెండు ముక్కలయ్యాకే ఇలా ముద్ర కొట్టారు. అంతకు ముందు ఒట్టి జర్మనీ అనే ఉంటుంది. మీ దొర ఊరొదిలింది ఎప్పుడు?"

 అది తమ్ముడికీ తెలుసు. పోలీసు యాక్షన్ కంటే ముందే, సాయుధ పోరాటపు సంఘం వాళ్లు గడి మీదకు వచ్చినప్పుడు దొర పారిపోయాడు, మళ్లీ ఊరి మొహం చూడలేదు. అప్పటికి ఈ కత్తి ఇంకా పుట్టలేదు.

అల్లుడు మాత్రం వదల్లేదు. "పట్నంల కలిసి ఇచ్చిండేమో అత్తా, నీకేం ఎరుక?"

"అవును, సరూర్‌నగర్ చెరువు కట్ట మీద కలిసి కావలించుకోని ఇచ్చిండు" అన్నాను.

పెద్దాయన నవ్వాడు కానీ, న్యాయంగానే మాట్లాడాడు. "ఎక్కడ తయారైందో ముద్ర చెబుతుందమ్మా. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికొచ్చిందో చెప్పదు." తర్వాత కత్తి తెరిచి మూసి చూశాడు. "ఈ పిడి మాత్రం ఫ్యాక్టరీది కాదు. ఎవరో తర్వాత వేసుకున్నారు. నా దగ్గర ఆ కాలంది అసలు పిడి ఒకటుంది. కావాలంటే మార్చి పెడతాను."

"మార్చుండ్రి సార్" అన్నాడు అల్లుడు. "ఒరిజినల్ ఉంటేనే షో ఉంటది."

నాకు కోపం అప్పుడొచ్చింది. అంతకు ముందుది ఉత్త చిరాకు.

అప్పుడు మేం సైదాబాద్‌లో ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. తమ్ముడు ఉయ్యాలలో ఉన్నాడు. నాయిన దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు పక్కన అద్దం వేలాడదీసుకుని కూర్చునేవాడు. ఒక గురువారం జుమ్మేరాత్ బజారులో పాత ఇనుము మధ్య ఈ కత్తి కనబడితే కొనుక్కొచ్చాడు. అప్పుడు దానికి పిడి లేదు. ఒట్టి ఉక్కు, గుడ్డలో చుట్టి ఉంది. పిడి లేకపోతే చేతిలో ఆగదు, మూసి జేబులో పెట్టుకోవడానికి లేదు. నాయిన కట్టె పెట్టి చూశాడు, అది పగిలింది. అప్పుడు మా అమ్మ వెనక గల్లీలో దువ్వెనలు కోసే ముసలాయన దగ్గర ఒక బర్రెకొమ్ము ముక్క అడిగి తెచ్చింది.

నాయినమ్మ ఇల్లు పీకి పందిరేసింది. చచ్చిన బర్రెది ఇంట్లోకి తెస్తావా, అన్నం కుండల పక్కన పెడతావా అని. అమ్మ కొమ్మును మాత్రం బయట పారేయలేదు. పాత డబ్బాలో నీళ్లు మరగబెట్టి, కొమ్ము మెత్తబడ్డాక నూరుడు బండకింద పెట్టి మీద నీళ్ల బిందె ఎక్కించింది. గదంతా కాలిన వెంట్రుకల వాసన. నాయినమ్మ ముక్కు మూసుకుని గడపలో కూర్చుంది. తెల్లారి చూస్తే కొమ్ము పలకలా అయింది. అమ్మ గాజుపెంకుతో గీకి గీకి రెండు రేకులు చేసింది, నూనె రాసి రుద్దింది. కందిలి లాంతరు తీగె ముక్కలు మేకులుగా కొట్టి నాయిన బిగించాడు.

"సార్" అన్నాను, "కత్తి మీ చేతిలనే ఉంది, నేను ముట్టలేదు. ఎడమ పక్క రేకు జర మందం ఉంటది. మూస్తే కత్తి కుడి పక్కకు ఒరుగుతది. చూడుండ్రి."

ఆయన మూసి వెలుతురుకు పట్టుకున్నాడు. "ఒరిగింది" అన్నాడు.

"మా అమ్మకు తెల్వక ఒకటి మందం గీకింది. సరిచేస్తనంటే మా నాయిన చెయ్యనియ్యలే. నాకు గిట్లనే అలవాటైందన్నడు."

 నేను కొత్త కుర్చీలో కూర్చున్నాను. ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు, కరకరమంది.

"తమ్మీ, కత్తి నీదే. నేను వాటా అడుగుతలేను. ఉక్కు నువ్వు పెట్టుకో, దొర ఇచ్చిండని రాసుకుంటవో, దేవుడు ఇచ్చిండని రాసుకుంటవో నీ ఇష్టం. కొమ్ము మాత్రం అమ్మది. మేకులు ఊడగొట్టి, పిడి తీసి నా చేతిల పెట్టు. తీస్కొని పోతా."

"పరేషాన్ చెయ్యకే అక్కా."

"పరేషాన్ ఏముంది. అల్లుడు ఎట్లాగూ మారుస్త అంటుండు గదా. పారేసేది నాకియ్యుండ్రి."

తమ్ముడు నిజంగానే సొరుగులోంచి చిన్న సుత్తి తీశాడు. వాడికీ పౌరుషమే. కత్తిని రాతి అరుగు మీద పెట్టి, మేకు మీద ఒక శీల మొన ఆనించాడు. నేను కదల్లేదు. వద్దని అంటాననుకున్నాడేమో, నేను అనలేదు. వాడి బొటనవేలు ఆ మందపు రేకు మీదే ఉంది. ఎన్నేళ్లు వాడాడు ఆ కత్తిని, మొదటి నుంచీ కుడికే ఒరుగుతుందని తెలుసు, ఎందుకని మాత్రం ఎప్పుడూ అడగలేదు. సుత్తి ఎత్తి, కాసేపు అట్లాగే ఉంచి, మళ్లీ సొరుగులో పడేశాడు.

"బోర్డు తియ్‌రా" అన్నాడు కొడుకుతో.

"డాడీ, రేపే ఓపెనింగు."

"రాత్రికల్ల ఇంకోటి రాపియ్. మీ అత్త చెప్పింది రాయి."

అల్లుడు ఫోన్ తీశాడు. నేను చెబుతుంటే రాసుకున్నాడు. పాత బజారులో కొన్నాడన్న దగ్గర ఆగాడు. "గా మాట వద్దత్తా, పరువు పోతది."

"ఎందుకు పోతది? కొన్నడు. ఎవలకో సలాం కొట్టి తెచ్చుకోలే."

మా అమ్మ పేరు దగ్గర మళ్లీ ఆగాడు. నాయినమ్మ అని రాస్తే చాలదా అన్నాడు. చాలదన్నాను. ఎవరి నాయినమ్మో గోడకెట్లా తెలుస్తుంది. పేరు, ఇంటిపేరు అంతా రాయమన్నాను. అక్షరాలు దొరకున్నంత పెద్దవే ఉండాలని కూడా చెప్పాను.

ఇప్పుడు గోడ మీద ఇట్లా ఉంది: పశ్చిమ జర్మనీ ఉక్కు. చేసినవారి పేరు అరిగిపోయింది. జుమ్మేరాత్ బజారులో కొన్నది. కొమ్ము పిడి చేసినది, అని మా అమ్మ పేరు.

బుధవారం కొబ్బరికాయ కొట్టాక పాత గిరాకీలు వచ్చారు. ఒకాయన పెట్టె ముందు నిలబడి చదివి, వెనక్కి తిరిగాడు.

"ఏం భాయ్, దొర కత్తి అని చెప్తుంటివి గదా ఇన్నేండ్లు?"

తమ్ముడు దువ్వెన పట్టుకుని నా వైపు చూశాడు.

"ఏ దొర?" అన్నాను నేను.