వెనక మూయని ఉంగరం

మా మేనమామ పోయాడని చింతపల్లి నుంచి ఫోన్ వచ్చేలోపే వాట్సాప్‌లో ఫ్లెక్సీ ఫోటో వచ్చేసింది. "మా షాపు ఆస్థాన శిల్పికి అశ్రునివాళి" అట. కట్టించినవాడు మామ పేరు చెడగొట్టిన నగల షావుకారే. చావింట్లో పాత పగలు తీయకూడదంటారు. ఎవరికండీ లాభం ఆ మర్యాదవల్ల? నేను తీస్తాను.

మామ వెండి ఉంగరాలు చేసేవాడు. రాయి కూర్చునే గూటికి వెనక రేకు వేసేవాడు కాదు. రాయి ఒంటికి తగలాలని కొండ ఆడవాళ్ల పట్టింపు. "ఎనకాల మూసీసినోడు ఏదో దాసినట్టే" అనేవాడు. ఆయన ఉంగరాల గురించే అన్నాడు. నేను నా రాతల్లో ప్రభుత్వాల మీదా వాడుకున్నాను.

బాగుచేయమని కొండవాళ్లు ఇచ్చిన ఉంగరాల్లోంచి షావుకారు రాళ్లు పెరికి, గాజుముక్కలు పెట్టాడు. అడుగున మెరుపు కాగితం, దానిమీద రేకు. అడిగితే, అంతా ఆచారి పనే అని మామ మీదికి నెట్టాడు.

సంతలో ఒక ముసలామె తన ఉంగరం మామ ముందు విసిరికొట్టింది. "ఏటి సేసినావు తమ్ముడా? రాయి సచ్చిపోనాది!"

మామ తిట్టలేదు. మరుసటి సంతకి షావుకారు కొట్టుకెదురుగా గోనె పరిచాడు. వచ్చిన ప్రతి ఉంగరాన్నీ తిరగేసి, రేకు కోసి, కాగితం అందరి ముందూ బయటికి లాగాడు.

"బేగి మూసీ ఆచారీ, బేరం పోతంది" అని షావుకారు బతిమాలాడు.

"మూసీడం నీ పని బావూ. నాది తెరిసీడం."

కోపాన్ని అంత సన్నగా, అంచు చెదరకుండా కోయడం నా రాతలకు ఇప్పటికీ చేతకాలేదు.

ముసలామె ఉంగరానికి మామ తన దగ్గరి ఎర్రరాయి పొదిగి ఇస్తే, ఆమె వేలికి పెట్టుకోకుండానే పట్టుకుపోయింది. మంచం పట్టాక కూడా మామ నన్ను అడిగింది అదే: "ముసల్ది ఎట్టుకుంటందంతావా?" నాకు తెలియదన్నాను.

సాగనంపేవేళ షావుకారు శాలువాతో వచ్చాడు. కళ్లు తుడుచుకుంటూ తన కొట్లోని ఉంగరం మామ వేలికి తొడిగాడు. ఫోటోలు తీసుకున్నారు. అత్త లేచి దాన్ని లాగేసింది. తిరగేసింది. వెనక రేకు.

"మూసిన రాయితో మాయాయన్ని పంపను బావూ."

మామ ఉలితోనే రేకు లేపి, కాగితంతో సహా షావుకారు అరచేతిలో పెట్టింది. గుంపులోంచి ఆ ముసలామె వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. ఆమె వేలికి మామ పొదిగిన ఎర్రరాయి.

"ఏదీ, సెయ్యి సూపించు అందరికీ."

షావుకారు పిడికిలి బిగించాడు. వేళ్ల సందుల్లోంచి కాగితం మెరుస్తూనే ఉంది.