అరచేతికి తెలిసేది

జగ్గయ్యపేటలో అన్నదమ్ములిద్దరు కార్లకు సౌండ్ సిస్టమ్‌లు బిగించేవారు. ఆ మోతలోనే అన్న చెవులు పోయాయి. నా కారులో బాస్ మోగినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతుంటే, పాత బ్యాటరీ తీసేసి లిథియం బ్యాటరీలు పెట్టాడు. పాట పెట్టమని తమ్ముడికి సైగ చేసి, స్పీకర్ బాక్సు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆయన వినడం అంతే.

"ఇప్పుడు దమ్ముందండి. మీరూ చూడండి," అంటూ నా చెయ్యి లాగి తన చెయ్యి పక్కన పెట్టాడు.

నిరుడు ఆ తమ్ముడు గుండెపోటుతో పోయాడని తెలిసి నందిగామ ఆస్పత్రికి పరుగెత్తాను. మంచం పక్కన అన్న కూర్చుని, తమ్ముడి ఛాతీ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. భుజం తట్టాను. కళ్లు తెరిచి, నా చెయ్యి లాగి తన చెయ్యి పక్కన పెట్టాడు.

"నాకేం తెలియట్లేదండి. మీరు చూసి చెప్పండి."