లేతుకు చాందినీ

ఆదోనిలో మా మట్టిమిద్దె ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఒక్క సామాన్ల గది ఉండేది. ఊరగాయ జాడీలు, చింతపండు, వేరుశనగ పంట వచ్చాక బుడ్డల మూటలు అన్నీ అందులోనే. ఒకనాడు మా ఆయన ఎద్దులబండి మీద ఒక పాత లేతు మిషను తెచ్చి, నన్ను మాట మాత్రం అడగకుండా ఆ గదిలో దింపించాడు. కాలితో తొక్కితే తిరుగుతూ ఇనుమునూ ఇత్తడినీ నున్నగా చెక్కే యంత్రమది. నాకు ఒళ్ళు మండింది.

ఆయన పత్తి మిల్లులో ఫిట్టరు. కరెంటు వస్తోందని మిల్లువాళ్ళు పాత ఆవిరి ఇంజనును విప్పి అమ్మేయబోతున్నారు. మా పెళ్ళికి ముందు నుంచీ దాన్ని చూసుకున్నది ఆయనే. అది పోయేలోగా అచ్చం అలాంటిదే అరచేతిలో పట్టేంత ఇంజను చెయ్యాలని, అదీ నిజంగా తిరగాలని పట్టుపట్టాడు.

ఇల్లు మా అత్తది, తీర్పూ ఆమెదే.

"బుడ్డలు ఇంటికొచ్చేలోగా నీ బొమ్మ తిరగాల. తిరగలేదా, ఆ ఇనుమును మళ్ళా బండెక్కిస్తా" అంది కొడుకుతో. ఆమె అన్నదంటే అన్నదే.

పని మొదలైంది. ఆయనకు రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు నేనే గొణుక్కుంటూ తొక్కేదాన్ని. కడ్డీ మీంచి సన్నని ఇనుప చుట్టలు మురుకుల్లా ఊడిపడుతుంటే కోపం నిలుపుకోవడం కష్టమయ్యేది. కానీ సాయంత్రం అద్దంలా మెరిసిన పిస్టను తెల్లారేసరికి ఎర్రగా తుప్పుపట్టేది. తుడిచి ఆముదం రాసి పెట్టినా అంతే. చేసిందే మళ్ళీ మళ్ళీ చేశాడు.

"ఇదంతా నీ ఊరగాయ జాడీల ఉప్పుగాలే" అన్నాడు ఒకరోజు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు! కోపంతో జాడీలన్నీ వంటింట్లోకి మోసేశాను. అయినా తుప్పు ఆగలేదు. ఆయన మాటలు తగ్గించాడు, అన్నం సగంలోనే లేచేవాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. నా గది నాకు తిరిగొస్తుందన్న సంతోషం ఎటు పోయిందో తెలియదు.

వానలకు ముందు మిద్దె మీద కొత్త చౌడు పోయించడం మా వైపు అలవాటు. ఆ ఉప్పుమట్టి పరిస్తే వాననీళ్ళు లోపలికి దిగవు. పైన మనుషులు మట్టి పరుస్తున్నారు, కింద నేను లేతు తొక్కుతున్నాను. పైకప్పు దంతెల సందుల్లోంచి తెల్లటి దుమ్ము జల్లుమని రాలి, ఆముదం రాసిన పిస్టనుకు అంటుకుంది. పుట్టినప్పటి నుంచీ జుట్టులో, అన్నంలో రాలే మట్టిని ఎవరు పట్టించుకుంటారు? ఆరోజు మాత్రం వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను.

"ఇది నాకి సూడండి. ఉప్పు నా జాడీల్లో లేదు, మీ నెత్తి మీద ఉండాది!" అన్నాను.

ఆయన నాకి చూసి, మొహం చిట్లించి, పడీ పడీ నవ్వాడు. నేను పాతచీరలు కలిపి కుట్టి, దూలాల కింద పెళ్ళిపందిట్లో చాందినీలా కట్టబోయాను. గుడ్డ చాల్లేదు. వాకిట్లో నిలబడి చూస్తున్న అత్త లోపలికి పోయి తన చీరొకటి తెచ్చి నా మీదికి విసిరింది.

"ఊరికే కాదు మే, పని కావాల" అంది.

ఇరుగుపొరుగు వచ్చి, లేతుకు పెళ్ళెప్పుడని ఎగతాళి చేసిపోయారు. పిస్టను మాత్రం మర్నాడు కూడా మెరుస్తూనే ఉంది.

మిల్లు ఇంజనును బండ్లకెత్తిన రోజు ఆయన చూడటానికి పోలేదు. ఇంట్లో కూర్చుని, చిన్న ఇంజను బాయిలరు కింద దీపం వెలిగించాడు. నీళ్ళు కాగాయి. చక్రం కాసేపు తటపటాయించి గిర్రున తిరిగింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, నేనూ అంతే. అత్త దగ్గరికొచ్చి వంగి చూసి, "ఇంగోసారి తిప్పురా" అంది.

ఆ ఏడు బుడ్డలు బాగా పండాయి. మూటలు మోసుకొచ్చిన మనుషులు ఎప్పటిలాగే ఆ గదివైపు నడిచారు. అత్త చేతులు చాచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఈడ యాడ దించుతారప్పా? మావాని ఇంజను ఉండాది. తీసకపోయి నా మంచం పక్కన ఎయ్యండి."