రవ్వంత ముందుకి

ఆత్మకూరు ఫోటోగ్రాఫర్ పెంచలప్రసాద్ కెమెరా కంటికి ఆనించాడంటే, ఎదురుగా ఉన్నది ఏదైనా సరే రవ్వంత ముందుకు జరగాల్సిందే. మనిషైనా అంతే, బండైనా అంతే, బర్రె అయినా అంతే. చేతిలో కెమెరా లేనప్పుడు ఆయనంత నెమ్మదస్తుడు ఆ చుట్టుపక్కల ఉండడు. ఎవరింటికి వెళ్లినా చూపించిన చోట కూర్చుంటాడు, పెట్టింది తింటాడు. కెమెరా తీస్తే మాత్రం ఈ లోకంలో ఏ వస్తువూ ఉండాల్సిన చోట లేదనిపిస్తుంది ఆయనకు.

"రవ్వంత ముందుకి," అంటాడు. జరుగుతాం. "ఇంకా రవ్వంత," అంటాడు. ఇక దానికి అంతు ఉండదు.

మొదట్లో పెళ్లిళ్లకు పోయేవాడు. ఒక పెళ్లిలో తలంబ్రాలు అయ్యాక వధూవరులను ఇలాగే జరిపి జరిపి, మంటపం మెట్లు దింపించి, భోజనాల పంక్తుల మధ్యగా నడిపించి, గేటు బయట కొబ్బరిబోండాల బండి పక్కన నిలబెట్టాడు. పురోహితుడు మంత్రం ఆపకుండా వెంట నడిచాడు. ఫోటోలు ఎంత బాగా వచ్చాయంటే, చూసినవాళ్లు పెళ్లి కేరళలో జరిగిందనుకున్నారు. కానీ అప్పగింతలు కాకముందే పిల్ల గేటు దాటిందని పెళ్లికూతురి తండ్రి అలిగి భోజనం మానేశాడు.

ఆ తర్వాత పెళ్లిళ్లు తగ్గాయి. ప్రసాద్ దిగులు పడలేదు. "మనుషుల్ని జరపడం కష్టంరా. బండ్లకైతే చక్రాలుండాయి," అని బండ్లవైపు తిరిగాడు. పాత జీపులను, కార్లను కోసి, అతికించి, రంగులు మార్చి, పెళ్లికొడుకుల్లా ముస్తాబు చేసుకునే పిచ్చివాళ్లు మన నెల్లూరు మెట్ట ఊళ్లలోనూ తయారయ్యారు కదా. ఆ బండ్లకు ఫోటోలు తీసి చెన్నైలోని ఒక మోటారు పత్రికకు పంపడం మొదలుపెట్టాడు. పత్రికవాళ్లు ఆయన ఫోటోలను కళ్లకద్దుకున్నారు.

కలువాయి రైతు కొండలయ్య తన ట్రాక్టరుకు నెమలి రంగులు వేయించి, సింహాసనంలాంటి సీటు బిగించాడు. ఇంటి ముందరే ఫోటో తీస్తానని ప్రసాద్ పొద్దున్నే వెళ్లాడు. మధ్యాహ్నానికి కొండలయ్య భార్య ఫోన్ చేసింది.

"అన్నం సల్లారిపోతాండాది. యాడుండావు?"

"సోమశిల డ్యాము కాడ."

"ఇంటి ముందర గదా ఫోటో?"

"ఇంటి ముందరే మొదలుపెట్టినాం."

"సరేలే, వచ్చేటప్పుడు చేపలన్నా తీసుకురా," అంది.

ఉదయగిరి దగ్గర ఉండే చంద్రశేఖర్‌కు ఈ కథలన్నీ తెలుసు. తెలిసే ప్రసాద్‌ను పిలిచాడు. వాళ్ల నాయన జనార్దనయ్య పోయాక షెడ్డులో దుమ్ముకొట్టుకుపోతున్న అంబాసిడర్‌కు అతను కొత్త రూపం తెచ్చాడు. టాపు కోయించాడు. బండిని నేలకు దించి వెడల్పు టైర్లు వేయించాడు. లోపల జపాను ఇంజను, పైన నేరేడుపండు రంగు, గేరు రాడ్డుకు ఉదయగిరి చెక్కపనివాళ్లు నగిషీ చెక్కిన పిడి. జలదంకి నుంచి కూడా జనం వచ్చి చూసిపోయారు.

రానిది హుసేనయ్య ఒక్కడే. జనార్దనయ్య దగ్గర డ్రైవరుగా ఆ బండిని ఏళ్ల తరబడి నడిపింది ఆయనే. చంద్రశేఖర్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించింది ఆయనే. ఎవరన్నా డోరు గట్టిగా వేస్తే, "మీ ఇంట్లో తలుపు గూడా ఇట్నే ఏస్తారా?" అని ఎమ్మెల్యే అనుచరులనైనా కడిగేసేవాడు. అలాంటి మనిషి కొత్త బండి బయటికి వచ్చినప్పటి నుంచి ఇంటి గడప తొక్కలేదు.

"టాపు కోసినానని కోపం," అని తేల్చాడు చంద్రశేఖర్.

"నువ్వే పోయి పిలుచుకోని రారాదా?" అనేది తల్లి ప్రమీలమ్మ.

"బండి నాది. నేను పోయి బతిమాలాల్నా?"

ఇలా ఏడాది గడిచింది. కానీ గేటు చప్పుడైన ప్రతిసారీ చంద్రశేఖర్ తల ఎత్తి చూసేవాడు. పత్రిక అట్టమీద బొమ్మ రావడం కన్నా, ఆ ముసలాయన ఒక్కసారి వచ్చి బానెట్ మీద చెయ్యి వేస్తే చాలునని మనసులో ఉండేది. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు.

ఫోటోల రోజు రానే వచ్చింది. సాయంత్రంలోగా పంపకపోతే అట్టమీద కోయంబత్తూరు జీపు వేసేస్తామని పత్రికవాళ్లు కబురు పెట్టారు. ఉదయగిరి కొండ వెనకాల కనపడేట్టు బండి నిలబెట్టారు. ప్రమీలమ్మ పట్టుచీర కట్టుకుని వెనక సీట్లో సర్దుకు కూర్చుంది.

"నువ్వెందుకమ్మా?"

"కారు మీ నాయనది. నేను లేకుండా ఫోటో ఏంది?"

ప్రసాద్ ఒక కన్ను మూశాడు. "అబ్బయ్యా, రవ్వంత ముందుకి. కరెంటు స్తంభం మీ అమ్మ నెత్తిన మొలిచినట్టుండాది."

జరిపాడు.

"ఇంకా రవ్వంత. ఎనకాల ఫ్లెక్సీలో నాయకుడు దండం పెడతాండాడు. బండి ఎలక్షన్లో నిలబడిందనుకుంటారు."

జరిపాడు.

"ఆ బర్రె మన బండికన్నా నిగనిగలాడతాండాది. దాని పక్కన తేలిపోతాం. ఇంకా రవ్వంత."

ఆగిన ప్రతిచోటా ప్రసాద్ స్కూటర్ దిగడం, కెమెరా స్టాండు పాతడం, పెదవి విరవడం, స్టాండు మడవడం. ఊరు దాటిపోయింది. పెట్రోలు బంకు దాటిపోయింది. కొండ చిన్నదైపోయింది. చంద్రశేఖర్‌కు ఓపిక పలచబడింది.

"అన్నా, కొండ ముందర తీస్తానంటివే. ఇప్పుడు కొండే కనపడలా."

"కొండ యాడికి పోతాది?"

"ఎండ పోతాది గదన్నా."

"పోయే ఎండే మంచిది."

అంటూ ప్రసాద్ స్కూటర్‌ను రోడ్డు దింపి, చెరువుకట్ట కింది మట్టిబాటలోకి తిప్పాడు. చంద్రశేఖర్ బ్రేకు తొక్కాడు.

"ఇది హుసేనయ్య వాళ్ల పల్లె."

"అట్నా? నేను ఆ తుమ్మచెట్లు చూసి తిప్పినా. రవ్వంత ముందుకి రా."

"నేను రాను."

"నీ ఇష్టం. కోయంబత్తూరోళ్లు సంతోషపడతారు."

చంద్రశేఖర్ వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. ఆమె చెరువులో కొంగలను మహా శ్రద్ధగా చూస్తోంది. పళ్లు కొరుక్కుంటూ బండిని ముందుకు పోనిచ్చాడు. రవ్వంత, ఇంకా రవ్వంత అంటూ ప్రసాద్ దాన్ని సరిగ్గా హుసేనయ్య వాకిట్లో ఆపించాడు. ఆపించి, ఈసారి పెదవి విరవకుండా కెమెరా స్టాండు పాతాడు.

హుసేనయ్య మంచం మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. బండి ఇంజను ఆగింది. చివరికి చంద్రశేఖరే దిగాడు.

"ఏం మామా, చూడను గూడా చూడవా? టాపు కోసినానని ఇంత కోపమా?"

హుసేనయ్య వల పక్కన పెట్టాడు. "టాపుదేముండాది సిన్నబ్బయ్యా? ఎండాకాలం దాని కింద ఉడికింది నేను. కోసి పారేయమని మీ నాయనకే చెప్పినా. ఆయన ఇన్లా."

"మరెందుకు రాలేదు?"

"షెడ్డులోంచి బయటికి తీసిన నాడు నిమ్మకాయలు ఎవురు తొక్కించినారు?"

చంద్రశేఖర్ బండి చక్రాల వైపు చూశాడు. కొత్త బండైనా, బాగుచేయించిన బండైనా, రోడ్డెక్కే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్ చేతే ఆ పని కానిచ్చేశాడు అతను. ముసలాయన టాపు చూసి తిడతాడేమోనని కబురే పెట్టలేదు.

"ఆ బండి మీ ఇంటికి వచ్చిన నాడు తొక్కించింది నేను. ఇంజను దించి కట్టినప్పుడల్లా తొక్కించింది నేను. ఇప్పుడు ఎవురో తొక్కిస్తే, పిలవని పేరంటానికి నేనెట్ట వచ్చేది?"

"తప్పయిపోయినాది మామా," అన్నాడు చంద్రశేఖర్. ఏడాదిగా రాని మాట ఇంత సులువుగా వస్తుందని అతను అనుకోలేదు.

హుసేనయ్య భార్య రోశమ్మ లోపలినుంచి చెంగులో నిమ్మకాయలు పట్టుకుని వచ్చింది. ముందే ఏరి పెట్టుకున్నట్టు చక్రానికొకటి లెక్కగా ఉన్నాయి. చంద్రశేఖర్ ఆమెను చూశాడు, తల్లిని చూశాడు, ప్రసాద్‌ను చూశాడు.

"మీకందరికీ తెలుసా?"

"నాకేం తెలుసురా? నేను ఫోటోకి వచ్చినా," అంది ప్రమీలమ్మ.

ప్రసాద్ మాత్రం దాచలేకపోయాడు. "పెద్దాయన పింఛను ఫోటోకి నా స్టూడియోకి వచ్చినాడు. స్టూలు రవ్వంత ముందుకి జరపమంటే, జరుపుకుంటా జరుపుకుంటా కంప్యూటర్ కాడికి వచ్చేసినాడు. దాంట్లో నువ్వు పంపిన బండి బొమ్మ ఉండాది. ఇంక లెయ్యలా. పెద్దది చెయ్యమంటాడు, తిప్పి చూపించమంటాడు. ఆ మధ్యలో ఈ నిమ్మకాయల సంగతి బయటపెట్టినాడు."

"నాకు చెప్పొచ్చు గదన్నా."

"చెబితే నువ్వు ఇంటావా? బండిని ముందుకి పొమ్మంటే పోతావు."

హుసేనయ్య కాళ్లు కడుక్కుని వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద చెయ్యి వేసి, దుమ్ము ఉందేమోనని వేలు చూసుకున్నాడు. చంద్రశేఖర్ కళ్లు చెమర్చాయి గానీ, తుమ్మచెట్లు చూస్తున్నట్టు పక్కకు తిరిగాడు. ముసలాయన డ్రైవరు సీట్లో కూర్చుని గేరు పిడి తడిమి, "బాగుండాది," అన్నాడు. రోశమ్మ నిమ్మకాయలు పెట్టి, వెనక ప్రమీలమ్మ పక్కన ఎక్కి కూర్చుంది. బండి కదిలింది. నిమ్మకాయలు చిట్లాయి. ఆ క్షణాన సూర్యుడు చెరువు మీదికి వాలి ఉన్నాడు. ప్రసాద్ ఎవరినీ ఏ పక్కకూ జరగమనకుండా టకటకా నొక్కుతూనే ఉన్నాడు. తర్వాతి నెల అట్టమీద వచ్చింది అందులోదే.

నిమ్మకాయలు తొక్కిన బండి ఆగలేదు. కట్ట ఎక్కి ఉదయగిరి రోడ్డు పట్టింది. హారను మోగుతూనే ఉంది.

"ఫోటో వచ్చినాదా అన్నా?" అన్నాడు వాకిట్లో మిగిలిపోయిన చంద్రశేఖర్.

"బెమ్మాండంగా వచ్చినాది."

"దాంట్లో నేనుండానా?"

"లేవు."

చంద్రశేఖర్ నవ్వాడు. ప్రసాద్ స్కూటర్ స్టాండు తీసి, "ముసలాయన ఇప్పట్లో రాడు. ఎక్కు, ఇంటికాడ దింపుతా," అన్నాడు.

"నువ్వు పో అన్నా, పత్రికకి పంపాల గదా. నేనీడే ఉంటా. తిరిగొచ్చినాక ఆ టైర్లేంది, ఆ ఇంజను మోతేంది అని మొదలుపెడతాడు. ఏడాది తిట్లు, అన్నీ కూర్చోని ఇనాల."

అని చంద్రశేఖర్ ఆ హుసేనయ్య మంచం మీదే హాయిగా కాళ్లు చాపుకున్నాడు.