నేను ప్లేట్లు తీయకుండా వదిలేసిన బార్

మెట్రో రైలు ఎల్బీ నగర్ దాకా వచ్చిన మరుసటి ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో, మా జిమ్ము యజమాని స్వరూప అనే లిఫ్టర్‌ను నాకు అప్పగించాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాంప్లెక్సు సెల్లార్‌లో ఉండేది మా జిమ్ము. నగరానికి తూర్పున పవర్‌లిఫ్టింగ్ నేర్పగల ఏకైక కోచ్‌ని నేనే. అంటే, మా సందులో ఏకైక కోచ్‌ని. పక్క సందులో ఇంకొకాయన ఉండేవాడు. నాకంటే బాగా నేర్పేవాడు.

ఈ ఆటలో మూడు ఎత్తులుంటాయి. బార్‌ను భుజాల మీద మోస్తూ గొంతుకూర్చుని లేవడం స్క్వాట్. బల్ల మీద పడుకుని ఛాతీ మీది నుంచి పైకి నెట్టడం బెంచ్ ప్రెస్. నేల మీది బార్‌ను పట్టుకుని నిటారుగా నిలబడడం డెడ్‌లిఫ్ట్. ఒక్కో ఎత్తుకు మూడు అవకాశాలు. మూడు ఎత్తుల్లోనూ ఉత్తమమైనవి కూడి మొత్తం తీస్తారు.

స్వరూప సిటీ బస్సులో కండక్టర్. ఇరవై ఏడేళ్ల మనిషి. నల్లగొండ వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన కుటుంబం. డెడ్‌లిఫ్ట్‌లో ఆమె ఉత్తమం నూట ముప్ఫై అయిదు కిలోలు. అంతకుముందు ఏడాది రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలో నూట నలభైకి పోయి నడుము పట్టేసి వేదిక మీదే కూలబడింది. నా దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఎంపికలకు పది వారాలు ఉన్నాయి. మొదటి రోజే చెప్పేసింది: “ఈసారి టీమ్‌ల రాకుంటే ఇంక బార్ ముట్టనని ఇంట్ల మాటిచ్చిన సార్.”

పది వారాల్లో మొదటి ఆరు వారాలు రీబిల్డింగ్‌కు కేటాయించాను. దెబ్బతిన్న లిఫ్టర్‌ను తక్కువ బరువులతో మళ్లీ కట్టుకురావడం అన్నమాట. సోమవారం స్క్వాట్, బుధవారం బెంచ్, శుక్రవారం డెడ్‌లిఫ్ట్, శనివారం నడుముకు, పొట్టకు చిన్న కసరత్తులు. శుక్రవారం ఎనభై కిలోలతో మొదలు. అయిదేసి సార్లు, నాలుగు విడతలు. బార్‌ను దించేటప్పుడు మనసులో మూడు లెక్కపెట్టాలి. బెల్టు కట్టకూడదు. ఇంకో నాలుగు సార్లు లేపగలను అనిపిస్తుండగానే ఆపెయ్యాలి. వారానికి రెండున్నర కిలోలు పెంచి, నాలుగో వారం మళ్లీ బాగా తగ్గించాలి. బరువు ఎత్తడం నేర్పడం తేలిక. ఎత్తగలిగిన మనిషిని ఎత్తకుండా ఆపడమే కోచ్‌కి అసలు పని.

మూడో శుక్రవారం ఎనభై అయిదు కిలోలు వేశాం. టికెట్ల సంచీ భుజానికి తగిలించుకున్నంత సులువుగా లేపేసింది.

“సార్, నూరు ఎయ్యనా?”

“వద్దు.”

“జర ఒక్కసారే సార్.”

“వద్దన్న గద.”

“ఆపుడు ఎవ్వరికైనా ఒస్తది. మీరు బార్ ముట్టి ఎన్ని రోజులాయె సార్?”

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. నీ వయసులో రెండు వందల పది లేపిన మనిషిని అని గంభీరంగా అన్నాను. నిజానికి అది నూట ఎనభై. “చూసినోళ్లు ఎవ్వరన్న బతికున్నరా సార్?” అని బ్యాగు సర్దుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా జిమ్ము మూసి ఉంటుంది. తాళంచెవి నా దగ్గరే. యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఒంటరిగా, ఒళ్లయినా వేడెక్కించుకోకుండా బార్‌కు నూట అరవై కిలోలు వేసి పట్టుకున్నాను. బార్ మోకాళ్ల దాకా వచ్చింది. అక్కడ నడుములో ఏదో చిటుక్కుమంది. గంటసేపు రబ్బరు చాప మీద వెల్లకిలా పడుకుని కప్పు చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత గోడ పట్టుకుని లేచి, షట్టర్ సగం దించి, పక్క దుకాణం ఆయనతో మిగతా సగం దింపించి, తాళం వేయించి ఆటోలో ఇంటికి పోయాను.

మా జిమ్ములో ఒక కట్టుబాటు ఉంది. బార్‌కు ప్లేట్లు ఎవరు వేస్తే వాళ్లే తీసి స్టాండులో పెట్టాలి. ఎంత పెద్ద లిఫ్టరైనా సరే. గోడ మీద ఎర్ర రంగుతో దాన్ని రాయించింది నేనే. ఆ రోజు మాత్రం నా ప్లేట్లు బార్‌కే ఉండిపోయాయి. సాయంత్రం జిమ్ము తెరుచుకోనేలేదు.

మర్నాడు పొద్దున ఒక పక్కకు ఒరిగి నడుచుకుంటూ వెళ్లాను. మెట్రో మెట్ల మీద జారానని అందరికీ చెప్పాను.

“ఏ స్టేషన్ల సార్?” అంది స్వరూప.

“గీ దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లనే.”

“మీరు సైదాబాద్ నుంచి నడిచొస్తరు గద. మెట్రో ఎందుకెక్కిన్రు?”

జవాబుకు ఆగకుండా నన్ను మూలనున్న బార్ దగ్గరికి తీసుకుపోయింది. మిగతావాళ్లకు వినపడకుండా, ఒక్కో ప్లేటు తీసి స్టాండులో పెడుతూ లెక్కపెట్టింది. “ఇరవై. ఇంకో ఇరవై. పది. అటు యాభై, ఇటు యాభై. బార్ ఇరవై. నూట ఇరవై కిలోలు.”

పైన నూట అరవై అని రాశాను. ఆమె లెక్కే సరైనది.

“నన్ను ఎనభై అయిదు కాడ ఆపితిరి. మిమ్మల్ని ఎవ్వరు ఆపాలె సార్?” ఆమె గొంతులో వెటకారం లేదు. “పోటీల నా ఎనక నిలబడేది మీరే. మీరు మంచం పడితే నా గతేంది?”

ఆ సాయంత్రమే దవాఖానకు పోయాను.

డాక్టరు కండరం మాత్రమే బెణికిందని, వారం ఆగి మెల్లగా వంగడం మొదలుపెట్టమని అన్నాడు. వారం కాగానే స్వరూప నా చేతికి చీపురు కర్ర ఇచ్చింది. బస్సులో జనాన్ని తోలే గొంతుతోనే “వంగుండ్రి, వంగుండ్రి, మూడు లెక్కపెట్టుండ్రి” అంది. శిక్షణ పుస్తకంలో కుడి పేజీ తనది, ఎడమ పేజీ నాది. నాలుగో శుక్రవారం ఆమె పేజీలో డెబ్బై, నా పేజీలో “కర్ర”. అయిదో వారం ఆమెకు ఎనభై ఏడున్నర, నాకు మళ్లీ కర్రే. ఆరో వారం ఆమెకు తొంభై, నాకు ఖాళీ బార్. ఇంకా వేస్తానని ఆమె మళ్లీ అడగలేదు. ఎందుకని నేనే అడిగాను. “నేను ఎక్కువ ఏస్తే మీరు ఊకుంటరా?” అంది.

మిగిలిన నాలుగు వారాలు బరువులు పెంచుకుంటూ పోయి ఎంపిక పోటీకి వెళ్లాం. మొదటి ఇద్దరికే జట్టులో చోటు. డెడ్‌లిఫ్ట్ మొదటి అవకాశంలో నూట పది, రెండోదాంట్లో నూట ఇరవై రెండున్నర లేపింది. ఎత్తు పూర్తయిన నిమిషంలోపు తర్వాతి బరువు చీటీ మీద రాసి బల్ల దగ్గర ఇవ్వాలి. అది కోచ్ పని. రెండో స్థానానికి నూట ముప్ఫై చాలు. నేను నూట నలభై అని రాశాను. పోయినేడు ఆమెను కూలదోసిన అంకె అదే.

స్వరూప నా భుజం మీదుగా చీటీ చూసింది. “ఇది నాకా సార్, మీకా?”

కొట్టేసి నూట ముప్ఫై రాసి ఇచ్చాను. నెమ్మదిగా లేపింది, పైన నిలిపింది, చెప్పినట్టే దించింది. ముగ్గురు రిఫరీలవీ ఎత్తు చెల్లిందని చెప్పే తెల్ల దీపాలే వెలిగాయి. రెండో స్థానం, జట్టులో చోటు.

చీటీ మీద రాయాల్సింది ఆ వారం ఆ ఒళ్లు లేపగల బరువు. ఎవరో అన్న మాటకు జవాబూ కాదు, పాత ఓటమికి బదులూ కాదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా చీటీ బల్ల మీద పెట్టే ముందు లిఫ్టర్‌కు చూపించాను. ఇదీ ఆ ఏడాది నేను నేర్చుకున్నది.

ఇంకొకటి. ఆ మధ్యాహ్నం బార్ మోకాళ్ల దాకా వచ్చిందని రాశాను. అది నేల విడవలేదు.